కోసిన చెయ్యి ముందు తినాలి

అక్టోబరు 8, బుధవారం

ఈ రోజు ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. మహోదధి టూనా కార్పొరేషన్ (రాష్ట్ర ప్రభుత్వ సంస్థ), గంజాం యూనిట్‌కు సాధారణంగా ఉత్తరాలు రావు. రిమైండర్లు వస్తాయి. అందుచేత జనరల్ మేనేజర్ మురళీమోహన్ గారు కవరును కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, విప్పే బాధ్యతను నాకు అప్పగించారు. నా హోదా అసిస్టెంట్ మేనేజర్ (పరిపాలన, ప్రొటోకాల్, తాగునీరు). ఏ కవరైనా ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి రాక తప్పదు.

రాసినది ఒక ద్వీపదేశపు ప్రభుత్వ టూనా కంపెనీ. వాళ్ళకు పడవలున్నాయి, చేప ఉంది, దాన్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ చాలడం లేదు. మాకు ఫ్యాక్టరీ ఉంది, చేప లేదు. రెండు ప్రభుత్వ సంస్థలు తమ తమ లోటును ఒకచోట చేర్చితే వ్యాపారం కాగలదని వాళ్ళ అభిప్రాయం. నవంబరు మొదటి వారంలో ఒక ప్రతినిధి వస్తారు. చూస్తారు. నచ్చితే అక్కడే సంతకం పెడతారు.

నచ్చకపోతే ఏమవుతుందో ఆ ఉత్తరంలో లేదు. ఆగస్టులో భువనేశ్వర్ నుంచి వచ్చిన రిమైండర్‌లో ఉంది. డిసెంబరు ఆఖరులోగా భాగస్వామి దొరకని పక్షంలో యూనిట్‌కు తాళం. కటింగ్ హాల్లో చేప కోసే ఆడవాళ్ళందరికీ శాశ్వత విశ్రాంతి. నన్ను మరో కార్పొరేషన్‌కు పంపుతారు. జీడిపప్పు అని వినికిడి.

అక్టోబరు 9, గురువారం

జీఎం గారు పడవకు రంగు వేయించమన్నారు.

ఈ పడవ గురించి రాయాలి. చేపలు పట్టడం, కోయడం, డబ్బాల్లో పెట్టడం అనే మూడు లక్ష్యాలతో మా సంస్థ ఏర్పడింది. మొదటి లక్ష్యం ఋషికుల్య నది మొగ దగ్గర లంగరు వేసుకుని ఉంది. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో అది కదలకూడదు. తుఫానుల కాలంలో కదలకూడదు. మిగిలిన కాలంలో డీజిల్ శాంక్షన్ కాదు. కాబట్టి సూర చేపను విశాఖ హార్బరులో కొని, ఇక్కడ కోసి, ఉడికించి, డబ్బాల్లో పెడతాం. (టూనాను మా వైపు సూర అంటారు. ఆ మాట ఫైళ్ళలోకి రానివ్వలేదు.) వార్షిక నివేదికలో దీన్ని 'సమీకృత విధానం' అని రాసినది నేనే. నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

కటింగ్ హాలు సూపర్‌వైజర్ గౌరమ్మ రంగుడబ్బాలను చూసి, ముసిల్దానికి పెళ్ళి సూపులేటమ్మా అని అడిగింది. పరిశీలనలో ఉంది అన్నాను.

అక్టోబరు 14, మంగళవారం

ద్వీపం నుంచి ఈమెయిల్. ఒక నిబంధన పెట్టారు. వాళ్ళ కంపెనీలో అనాదిగా ఒక ఆచారం ఉంది. ఏ చేపనైనా కోసిన చెయ్యే ముందు తినాలి. మధ్యాహ్నం భోజనాల వేళ కార్మికులతో పాటు ప్రతినిధి కింద కూర్చుంటారు. కోసినవాళ్ళు మొదటి ముద్ద తిన్నాక ఆయన తింటారు. ఆ తరువాతే కలం తీస్తారు. ల్యాబ్ రిపోర్టులు పంపనక్కరలేదట. మా ల్యాబ్ రిపోర్టులు చాలా బాగుంటాయి. అదే నేను రాస్తాను.

ఇది విని జీఎం గారి ముఖం పాలిపోయింది. నవంబరు మొదటి వారమంటే కార్తీకం. కార్తీకంలో గంజాం జిల్లాలో చేప తినే మనిషి దొరకడం కష్టం. బజారులో చేపలమ్మేవాళ్ళు కూడా ఆ నెల ముఖాలు తిప్పుకుని కూర్చుంటారు. మా హాల్లో ఆడవాళ్ళు రోజంతా చేప కోస్తారు గాని నోట పెట్టరు. చేపను కోయుట వ్రతభంగం కాదు, తినుట మాత్రమే.

కానీ నేను యూనివర్సిటీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివాను. క్యాలెండరు తెప్పించాను. నవంబరు 5, బుధవారం, కార్తీక పూర్ణిమ. మర్నాడు గురువారం ఛాడఖాయి. నెలంతా నోరు కట్టుకున్న బరంపురం మొత్తం తెల్లవారకముందే మాంసం దుకాణాల ముందు లైను కట్టే రోజు. ఆ రోజు ఈ జిల్లాలో ఎవరికి ఏ చేప పెట్టినా కాదనరు. ప్రతినిధి గారి సహపంక్తి భోజనం నవంబరు 6న ఏర్పాటు చేయవలసిందిగా నోట్ పెట్టాను. జీఎం గారు ఆకుపచ్చ ఇంకుతో సంతకం చేసి, హైమా, నువ్వు ఇక్కడ ఉండాల్సిన దానివి కాదమ్మా అన్నారు. ఇలాంటి నోట్ నా సర్వీసులో మరొకటి లేదు.

అక్టోబరు 15

సహపంక్తి సర్క్యులర్‌ను ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ అంటించాను. హాల్లో పైకి చదివి వినిపించాను. సందేహాలుంటే లిఖితపూర్వకంగా అడగమన్నాను. ఎవరికీ సందేహాలు లేవు.

అక్టోబరు 22, బుధవారం

ఆంధ్ర సరిహద్దున ఉన్న గిరిసోల వైపు నుంచి రావలసిన గౌరమ్మ, ఆమెతో పాటు సగం హాలు, ఈ రోజు ప్యాసింజరు తప్పిపోయి ఆలస్యంగా వచ్చారు. తెల్లవారుజామున ఏటికి వెళ్ళి తలస్నానాలు చేశారట. దేనికో అడగలేదు. హాజరులో సర్దాను.

అక్టోబరు 29

తుఫాను కాకినాడ వైపు దాటింది. వాన మాకు మిగిలింది. కరెంటు లేదు. పడవకు వేసిన కొత్త రంగు సగం నదిలో కలిసింది. ఆ మేరకు మొదటి లక్ష్యం సముద్రాన్ని చేరినట్టే.

అక్టోబరు 31, శుక్రవారం

గౌరమ్మ కోడలి పేరు రింకి. ఒడియా పిల్ల. ఇక్కడికి దగ్గరే పుట్టిల్లు. కటింగ్ హాల్లో పనికి వచ్చి, సూపర్‌వైజర్ కొడుకును ప్రేమించి, ఈ వేసవిలో గిరిసోల కోడలయింది. అత్తగారి పక్కనే నిలబడి కోస్తుంది. గౌరమ్మ కంటే వేగంగా కోస్తుందని హాలంతటికీ తెలుసు. గౌరమ్మ సమక్షంలో ఎవరూ ఆ మాట అనరు.

ఈ రోజు రింకి ఒక సూర తల పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. అదేం లేదు మేడం, చేపలు కలలోకి వస్తున్నాయి, రాత్రి ఆవపెట్టిన చేపల పులుసు వచ్చింది, తినబోతే అత్త లేపింది అని చెప్పింది. గౌరమ్మ పక్కనుంచి, పొయ్యి ఎలిగించాల కదే, కలలో వండుకుంతే మాకెవడు పెడతాడు అంది. ఆరో తారీకున తిందువుగానిలే అని రింకిని ఓదార్చాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసి, సూద్దాం మేడం అంది.

వినయమనుకున్నాను.

నవంబరు 3, సోమవారం

ప్రతినిధి వచ్చారు. టై కట్టుకున్న మనిషి వస్తాడనుకున్నాం. నెరిసిన జుట్టు, నల్లటి గట్టి చేతులు, రబ్బరు చెప్పులు. కుర్రతనంలో గాలపు కర్రతో సూర పట్టేవాడట. జీఎం గారు పూలగుత్తి ఇచ్చారు. ఆయన దాన్ని నాకిచ్చి, తిన్నగా కటింగ్ హాల్లోకి వెళ్ళి, ఒక చేప మొప్ప ఎత్తి వాసన చూసి, తలాడించారు. అరగంటలో హాలు ఆయనకు దీవిబాబు అని పేరు పెట్టేసింది. ఫైళ్ళ మనిషి కాడు, సేపల మనిషే అని గౌరమ్మ సర్టిఫికెట్ ఇచ్చింది.

మధ్యాహ్నం ఆయన అందరి క్యారియర్లలోకీ తొంగిచూశారు. పప్పు. వంకాయ. చిక్కుడుకాయ. అప్పుడు ఆయన ముఖంలో మార్పు వచ్చింది. చేప కోసేవాళ్ళు ఒక్కరూ చేప తినడం లేదేమిటని నన్ను ఇంగ్లీషులో అడిగారు. చేపలో ఏదైనా ఉందా అని కూడా అడిగారు. పవిత్రమాసమని, చేపది తప్పు లేదని, గురువారం నాటికి ముగుస్తుందని అదే భాషలో వివరించాను. ఆయన నమ్మారు. ఎందుకు నమ్మారంటే, నేను చాలా ధీమాగా చెప్పాను.

నవంబరు 5, బుధవారం

తెల్లవారుజామున ఆయన్ని ఋషికుల్య మొగకు తీసుకెళ్ళాను. బొయిత బందాణ. పూర్వం ఇక్కడి వర్తకులు ఓడలు కట్టుకుని దీవులకు వెళ్ళేవారు. ఆ జ్ఞాపకానికి ఈ రోజు ఊరంతా అరటి డొప్పలతో చిన్న పడవలు చేసి, దీపం, తాంబూలం పెట్టి నీళ్ళలోకి వదులుతుంది. చీకట్లో నదంతా దీపాలు. శంఖాలు. నిద్ర కళ్ళ పిల్లలు. జీఎం గారు పంచెకట్టులో, ప్యాంటులో కంటే పదేళ్ళు చిన్నగా కనిపించారు.

ఇవన్నీ ఎక్కడికి పోతాయని దీవిబాబు అడిగారు. మీ వైపే అన్నాను. ఒక్కటైనా చేరిందా అన్నారు. అందలేదని ఇంతవరకూ ఫిర్యాదు రాలేదన్నాను. ఆయన నవ్వడం అదే మొదలు. చెప్పులు విప్పి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగారు. ఒక పడవ ఎంత తోసినా అల మీద వెనక్కి వచ్చి ఆయన కాళ్ళకే తగులుతోంది. మూడోసారి దాన్ని చేతుల్లోకి తీసుకుని, ఇది తానే స్వయంగా పట్టుకెళ్తే నియమాలు ఒప్పుకుంటాయా అని అడిగారు. దానికి నియమం లేదు. ఒప్పుకుంటాయన్నాను.

మనసు చాలా తేలికగా ఉంది. ఇలాంటి వాక్యం ఈ డైరీలో ఇదే మొదటిసారి.

నవంబరు 6, గురువారం, ఉదయం

బరంపురం అంకులిలో మా వీధి వీధంతా మసాలా వాసన. అమ్మ నాలుగు గంటలకే మాంసానికి మనిషిని పంపింది. గంజాం బస్సులో ప్రతివాడి చేతిలో ఒక నల్ల సంచి. కండక్టర్ కూడా నవ్వుతున్నాడు. నా నోట్‌లోని ప్రతి అంచనా నిజమవుతోంది.

నవంబరు 6, మధ్యాహ్నం 4 గంటలు

జరిగినది జరిగిన క్రమంలో రాయాలి.

హాల్లో చాపలు పరిచాం. విస్తళ్ళు వేశాం. నిన్న కోసి ఉడికించిన సూరను మూతలు తీసిన డబ్బాల్లో వరుసగా పెట్టాం. దీవిబాబు ఆడవాళ్ళ వరుసలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. గేటు దగ్గర నుంచి బాయిలర్ మనుషులు, లోడింగ్ మనుషులు, అందరూ ఒడియావాళ్ళు, పిలవకుండానే వచ్చి కూర్చుని నిమిషంలో తలో డబ్బా ఖాళీ చేశారు. నెలనాటి ఆకలి. జీఎం గారు గర్వంగా చూశారు. కానీ వాళ్ళు కోసినవాళ్ళు కారు. దీవిబాబు కటింగ్ హాలు వైపు చూస్తూ ఉండిపోయారు.

కటింగ్ హాలు పప్పన్నం కలుపుకుంటోంది.

గౌరమ్మ దగ్గరకు వెళ్ళి చెవిలో అడిగాను. ఆమె చెవిలో చెప్పే మనిషి కాదు. కార్తీకం అయిపోనాదేటి, ఎవరికి అయిపోనాదమ్మా, అమాస ఎల్లాల కదా, పున్నమికి సగమే కదా అయ్యింది అని హాలంతటికీ వినిపించేలా అంది. దీపావళి మర్నాడు మొదలెట్టినాం, మళ్ళీ అమాస దాకా మేం ముట్టం అంది. పక్కనున్న తవిటమ్మ, బరంపురం తెలుగోలికి నెల పదిహేను రోజులేనేటే అని అడిగింది. మనోలి పేరే పెట్టుకున్నారు గాని హైమమ్మకి మన నెల తెల్దు అని ఇంకెవరో అన్నారు. హాలు నవ్వింది.

నవ్వవలసిందే. మా తాత రైల్వే ఉద్యోగానికి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అప్పటినుంచి మా గోడ మీద వేలాడేది ఒడియా క్యాలెండరు. పక్కింటి ఒడియావాళ్ళు మానేసిన రోజు మేమూ మానేశాం, వాళ్ళు తిన్న రోజు తిన్నాం. పున్నమికి నెల పూర్తయ్యే లెక్క వాళ్ళది. అమావాస్యకు పూర్తయ్యే లెక్క మాది. నాకు తెలిసినది వాళ్ళది మాత్రమే. తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగులో డైరీ రాస్తూ, తెలుగువాళ్ళతో నిండిన హాలుకు ఒడియా కార్తీకాన్ని సర్క్యులర్ ద్వారా వర్తింపజేశాను.

ముందే ఎందుకు చెప్పలేదన్నాను. కూకోమన్నారు, కూకున్నాం, ఆ బాబు తింటాడు, మేం సూస్తాం అనుకున్నాం, మీరు సదివి ఇనిపిస్తారు గాని అడుగుతారేటి అంది గౌరమ్మ. సర్క్యులర్‌లో నా మాట 'పాల్గొనవలెను'. వాళ్ళు పాల్గొంటున్నారు.

దీవిబాబుకు విషయం చెప్పాను. ఈసారి ధీమా లేకుండా చెప్పాను. అందుకే కాబోలు, ఆయన నమ్మినట్టు కనిపించలేదు. సోమవారం మీరు గురువారం అన్నారు, ఇప్పుడు మరో రెండు వారాలంటున్నారు, నాకు సాయంత్రం బండి ఉంది అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

జీఎం గారు రంగంలోకి దిగారు. ఒక డబ్బా తీసుకుని, నిలబడే, మొత్తం తినేశారు. దీవిబాబు మెచ్చుకున్నారు గాని మీరు కోయలేదు కదా అన్నారు. జీఎం గారు మూతి తుడుచుకుని కత్తి తెమ్మన్నారు. ఎవరూ తేలేదు. ఆయన సర్వీసులో అమలు కాని మొదటి ఉత్తర్వు అదే అయితే, అది మా అందరి మేలుకే.

అప్పుడు వరుస చివర రింకి కనిపించింది. విస్తట్లో పప్పన్నం కలిపి ఉంది. ముద్ద ఎత్తలేదు. ఆమె కళ్ళు ఎదురుగా ఉన్న డబ్బా మీద ఉన్నాయి. నేను చూస్తున్నదే గౌరమ్మా చూసింది.

ఒలే రింకీ, మీ యింటోల నెల ఎప్పుడైపోనాది అని గౌరమ్మ అడిగింది. నిన్ననే అత్తా, పున్నమికి అంది రింకి. ఎప్పుడు మొదలెట్టినావు అంటే, ముందు పున్నమి మర్నాడు అంది. గౌరమ్మ కాసేపు లెక్క చూసుకుంది. అంటే మీ నెల పట్టి, దాని మీద నా నెలా పడుతున్నావేటే అంది. అటు నన్ను కన్న మా బౌ ఉంది, ఇటు నువ్వున్నావు, ఎవరిది మానమంటావు అత్తా అని రింకి తలొంచుకుని అడిగింది. నాకు ఒక్క మాట సెప్పనేదేటే అని గౌరమ్మ అంటే, నువ్వూ అడగనేదు కదా అంది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజర్ ముఖంలో రంగు మారింది. ఈ నెల రోజుల్లో ఆ పిల్ల కలలోని పులుసు దగ్గర నుంచి ఆమె ఎన్నిసార్లు లేపి ఉంటుందో నాకు తెలియదు. ఆమెకు తెలుసు.

గౌరమ్మ లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కుంది. వచ్చి కోడలి ఎదురుగా చతికిలబడి, డబ్బాలోంచి పెద్ద ముక్క తీసి, అన్నంలో కలిపింది. వ్రతం కదే గౌరమ్మా అని తవిటమ్మ కేకేసింది. కోస్తే పోనిది తినిపిస్తే పోతాదేటి, నా నెల నాది, దాని నెల దానిది అంది గౌరమ్మ. నోరు తెరువే, నీ సేత్తో కోసిందే, బేగి తిను అంది.

రింకి తింది. మొదటి ముద్దకు కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకు అత్తగారి చెయ్యి పట్టుకుని తనే తెచ్చుకుంది. తరువాత డబ్బా ఆమె ఒళ్ళోకి వెళ్ళింది, తిరిగి రాలేదు. నాకు ఒక ముక్కయినా మిగుల్చుతుందా అని దీవిబాబు నన్ను అడిగారు. తర్జుమా చేశాను. రింకి ఆలోచించి ఒకటి ఇచ్చింది.

ఆయన తిన్నారు. తమ దేశంలోనూ పక్కపక్క దీవులకు ఒకే పండుగ ఒక్కోసారి ఒక రోజు తేడాగా వస్తుందని, తన భార్యది అవతలి దీవి అని, ఆ రోజు ఇంట్లో ఎవరు తింటారో ఎవరు చూస్తారో పెళ్ళయిన కొత్తలో తనకూ తెలిసేది కాదని చెప్పారు. కలం జేబులోనే ఉంది. విస్తరి పక్కన, చాప మీద, ఒప్పందం మీద సంతకం పెట్టారు. రెండో పేజీకి నూనె అంటింది. ఫెయిర్ కాపీ తీయవద్దని జీఎం గారి ఆదేశం.

నవంబరు 7, శుక్రవారం

భువనేశ్వర్ నుంచి రిమైండర్: పాత రిమైండర్‌ను రద్దు చేయడమైనది.

ప్రతినిధి గారి సామానులో ఒక అరటి డొప్ప పడవ ఉందని డ్రైవర్ చెప్పాడు. ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారట.

నవంబరు 11

మా ఇంట్లో గోడకు రెండో క్యాలెండరు తగిలించాను. ఇదేమిటని అమ్మ అడిగింది. మనది అన్నాను. మరి అది ఎవరిది అంది. అదీ మనదే అన్నాను.

నవంబరు 21, శుక్రవారం

నిన్నటితో అమావాస్య వెళ్ళింది. గౌరమ్మ రమ్మంటే రాత్రే గిరిసోల వెళ్ళి పడుకున్నాను. తెల్లవారుజామున ఆడవాళ్ళందరూ బాహుదా ఏటిలో దీపాలు వదిలారు. పోలి పాడ్యమి. అవే అరటి డొప్పలు. అవే ఒత్తులు. నీళ్ళు కూడా అటే పోతున్నాయి. రింకి అత్తగారికి ఒక దీపం వెలిగించి ఇచ్చింది, తనకొకటి వెలిగించుకుంది, నాకొకటి ఇచ్చింది. ఎలా వదలాలో నాకు తెలియదు. మీ ఉజ్జోగంలో కాయితం వదిలినట్టు వదలండి, మళ్ళీ సూడకండి అని గౌరమ్మ చెప్పింది.

మధ్యాహ్నం కటింగ్ హాలు భోజనం చేసింది. ప్రతి చెయ్యీ తాను కోసినది తింది. గౌరమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఉప్పు తక్కువ అంది. దీన్ని నాణ్యతా నివేదికగా స్వీకరించాను.

డిసెంబరు 19, శుక్రవారం

ద్వీపం నుంచి మొదటి కంటైనర్ వచ్చింది. తలుపు తీస్తే పొగమంచు. మంచు వెనుక సూరలు, కప్పు దాకా. వాటి మీద కొబ్బరి డొప్పతో చేసిన చిన్న పడవ. లోపల ఒత్తి. కొస నల్లగా ఉంది, ఎవరో వెలిగించారు.

ఇన్‌వాయిస్‌లో అది లేదు. వచ్చిన సరుకు కింద రాయాలా అని స్టోర్స్ వాళ్ళు అడిగారు.

తిరిగి వచ్చిన సరుకు కింద రాయమన్నాను.